జీపెక్కిన సాంబయ్య

…కాబట్టి ఈ బండి ఎక్కడికైనా వెళ్లగలదా అన్నది అసలు ప్రశ్నే కాదు. వెళ్లగలదు. అమ్మినవాడు చెప్పాడు, కొన్నవాడు నమ్మాడు, అక్కడితో ఆ సంగతి ముగిసింది. ఎక్కడికైనా వెళ్లగలిగే బండిని రోజూ సూరత్ శివారు బస్తీ ఉన్ నుంచి సచిన్‌కూ, సచిన్ నుంచి ఉన్‌కూ మాత్రమే ఎందుకు నడుపుతున్నట్టు అన్నదే ప్రశ్న. ఆదివారం ఉదయం తొమ్మిదింటికి, ఇంటి ముందు నిలబడి నల్లటి థార్ జీపు బానెట్‌ను మెత్తటి గుడ్డతో తుడుస్తూ, అంబదాస్ తనను తాను ఇలా అడుగుతున్నాడు. జవాబు కోసం కాదు. తుడిచేటప్పుడు చేతులకు పని ఉంటుంది, తలకు ఉండదు.

పదకొండు నెలలుగా ఈ బండి దాటిన అతి పెద్ద అడ్డంకి సచిన్ పారిశ్రామికవాడ గేటు దగ్గరి స్పీడు బ్రేకరు. ఆ గేటు లోపలే అతని షెడ్డు ఉంది. అందులో ముప్పై ఆరు పవర్‌లూములున్నాయి. వాటిలో దేన్నయినా కళ్లు మూసుకుని విప్పి, మళ్లీ బిగించగలడు. అందుకే ఆఫ్ రోడ్ క్లబ్బులో అందరూ అతన్ని ‘మాస్టర్’ అంటారు. మొదట్లో అది గౌరవం అనుకున్నాడు. సూరత్‌లో మగ్గాలు బాగుచేసేవాణ్ణి ఎవరైనా మాస్టర్ అనే పిలుస్తారని తనకు తెలిసినా, మూడు నెలల పాటు తెలియనట్టే ఉన్నాడు. మనిషి తనకు తెలిసిన దాన్ని తన నుంచే దాచిపెట్టుకోగలడు. అదొక నైపుణ్యం. ఎవరూ నేర్పనక్కర్లేదు.

క్లబ్బు పేరు మడ్ బ్రదర్స్. తొంభై మంది సభ్యులు. వజ్రాల కార్ఖానాల యజమానులు, ఇద్దరు దంతవైద్యులు, బిల్డర్ల కొడుకులు, హజీరా ఫ్యాక్టరీల ఇంజనీర్లు. సూరత్ చుట్టూ నేల అరచేయిలా చదునుగా ఉంటుంది గనక, వీళ్లు కడోదరా అవతల ఒక ఖాళీ స్థలం అద్దెకు తీసుకున్నారు. అక్కడ జేసీబీతో గుంతలు తవ్విస్తారు. ట్యాంకరుతో నీళ్లు పోయిస్తారు. బురద సరైన పాకానికి వచ్చాక బండ్లు అందులోకి దించి, ఇరుక్కుపోయి, అరిచి, ఫొటోలు దిగి, చివరికి పక్క ఊరి రైతు ట్రాక్టరుతో బయటికి లాగించుకుంటారు. ఉన్‌లో ఇవే గుంతలు, ఇదే బురద మున్సిపాలిటీ వారు ఉచితంగా ఇస్తున్నారని అంబదాస్ ఒకసారి చెప్పబోయి ఆగాడు. చెబితే తను ఎక్కడ ఉంటాడో గుర్తు చేసినట్టవుతుంది.

బురదలో బండి నడపడం అతనికి భయం. ఆ లోటును జీపు చరిత్రతో పూడ్చాడు. క్లబ్బులో ఎవరికీ తెలియని విషయాలు అతనికి తెలుసు. పంతొమ్మిది వందల నలభైలో అమెరికా సైన్యం నూట ముప్పై ఐదు కంపెనీలను పిలిచి, తేలికగా ఉండాలి, నాలుగు చక్రాలూ లాగాలి, నమూనా నలభై తొమ్మిది రోజుల్లో రావాలి అంది. బాంటమ్ అనే బక్క కంపెనీ ఒకటి కిందామీదా పడి గడువులోగా నమూనా చేసిచ్చింది. పెద్ద ఆర్డర్లు మాత్రం విల్లీస్‌కూ ఫోర్డుకూ పోయాయి. ఇది చదివినప్పుడు అంబదాస్‌కు అమెరికా చాలా దగ్గరి ఊరిలా అనిపించింది. డిజైను ఒకడు నేసి చూపిస్తే, వెయ్యి తానుల ఆర్డరు పక్కవాడికి పోవడం రింగ్ రోడ్డు బట్టల మార్కెట్టులో రోజూ చూసేదే.

యుద్ధం అయిపోయాక అదే బండిని రైతుల నేస్తమన్నారు. దున్నుతుందన్నారు, నీళ్లు తోడుతుందన్నారు. చంపడానికి పనికొచ్చింది దున్నడానికీ పనికొస్తుందంటే జనం సంతోషంగా నమ్ముతారు. ఆ దశాబ్దం చివరికే బొంబాయిలో మహీంద్రా వాళ్లు విల్లీస్ భాగాలు తెప్పించి బిగించడం మొదలుపెట్టారు. అక్కడి నుంచి జీపు అంటే తహసీల్దారు, జీపు అంటే పోలీసు, జీపు అంటే అడవి శాఖ, ఎన్నికలొస్తే మైకు. తర్వాత అవే జీపులు పల్లెల మధ్య పదిహేనేసి మందిని మోశాయి, వెనక వేలాడేవాళ్లు కాక. ఆ వంశంలో పుట్టిన ఈ థార్ ఇప్పుడు ఒక్కణ్ణి మోస్తోంది, ఏసీ వేసుకుని. ముందు మూతి ఆకారం ఎవరిదనే దానిపై కంపెనీలు అమెరికాలో కోర్టుకు కూడా ఎక్కాయి. పౌరుషానికి కూడా పేటెంటు ఉండాలి కదా.

ఇదంతా అతను రాత్రిళ్లు హిందీలో టైపు చేసి గ్రూపులో పెట్టేవాడు. తొంభై మందిలో నలుగురు బొటనవేలు చూపేవారు. ఒకరోజు ఒక దంతవైద్యుడు అడిగాడు: ‘మాస్టర్, మీ ఇంట్లో ఎవరికైనా జీపు ఉండేదా?’

అక్కడ జారింది కాలు.

అంబదాస్ తండ్రి లక్ష్మీరాజం బతికున్నంత కాలం ఒక వాక్యం అనేవాడు. జనగామ అవతలి పల్లె నుంచి మగ్గం పని కోసం సూరత్ వచ్చి, పరాయి షెడ్డులో పన్నెండేసి గంటలు నిలబడిన మనిషి. ఎవడైనా కసిరినప్పుడల్లా, కసిరినవాడు వెళ్లిపోయాక అనేవాడు: “మా నాయిన సాంబయ్య ఆ కాలంలనే జీపెక్కిండు.” అంతే. ఏ జీపు, ఎవరిది, ఎక్కడికి, ఏమీ లేదు. అంబదాస్ దంతవైద్యుడికి జవాబు రాస్తూ ‘ఎక్కాడు’ను ‘నడిపాడు’ చేశాడు. వారం తర్వాత ఇంకెవరో అడిగితే సైన్యాన్ని చేర్చాడు. నెల తిరిగేసరికి తాత బర్మా సరిహద్దు దాకా వెళ్లాడు. అబద్ధం కూడా బండి లాంటిదే. చాసిస్ పాతదే ఉంటుంది. ఏడాదికోసారి ముఖం మార్చి కొత్త మోడల్ అంటారు.

ఇప్పుడు ఆ మోడల్ వీధిలోకి దిగుతోంది. క్లబ్బు వాళ్లు సాంబయ్య మీద ‘మా తాతల జీపు’ అని ఒక వీడియో తీస్తున్నారు. ఈరోజు పదకొండింటికి కడోదరాలో దాన్ని పెద్ద తెర మీద వేసి, ఆ కుటుంబం బండిని వరుసలో ముందు నిలిపి ఊరేగింపు మొదలుపెడతారు. అంబదాస్ బండి ముందు. వజ్రాలవాళ్లు వెనక. అతనికి రెండు వారాలుగా నిద్ర పట్టకపోవడానికి కారణం సిగ్గు అయితే బాగుండేది. సంతోషం అది. అద్దం ముందు పళ్లు తోముకుంటూ, వెనక వచ్చే బండ్ల వరుసను అద్దంలోనే చూసుకునేవాడు.

వీడియోకు సాక్షి కావాలి. సాంబయ్య బిడ్డల్లో బతికున్నది ఒక్కతే. అంబదాస్ మేనత్త పోశమ్మ. ఎనభై మూడేళ్లు. పిల్లల్లేరు, మొగుడు పోయి ఇరవై ఏళ్లు. అప్పటి నుంచీ ఈ ఇంట్లోనే. ఈ పదకొండు నెలల్లో ఆమె ఒక్కసారి కూడా థార్ ఎక్కలేదు. మోకాళ్లు, అంది. అంబదాస్ ప్లాస్టిక్ మెట్టుపీట కొన్నాడు. కళ్లు తిరుగుతాయి, అంది. మార్కండేయ గుడికి ఆటోలో పోయి, ఆటోలో వచ్చింది. ముసలివాళ్ల చాదస్తం అని అతను కొట్టిపారేశాడు. ఆ మాట కనిపెట్టినవాడికి మొక్కాలి. దాన్ని వాడితే ఇంకేమీ అడగనక్కర్లేదు.

“అంబదాస్ గారూ!”

క్లబ్బు కార్యదర్శి భానుప్రకాశ్ సందు మొదట్లోంచి నడిచి వస్తున్నాడు. కోనసీమ మనిషి, హజీరాలో ఇంజనీరు. ప్యాంటు పిక్కల దాకా మడిచాడు. ఒక చేతిలో బూట్లు, ఇంకో చేతిలో ఫోను బిగించిన కర్ర.

“బండేది సార్?” అన్నాడు అంబదాస్.

“మెయిన్ రోడ్డు మీద పెట్టేశానండీ. మీ సందు మరీ బురదగా ఉంది. నిన్ననే పాలిష్ చేయించాను.”

“మళ్ల కడోదరాల బురదల దింపుతరు గద?”

“అది వేరండీ. అది మనం చేయించిన బురద.” భానుప్రకాశ్ బూట్లు గుమ్మం పక్కన పెట్టి, నిజాయితీగా నవ్వాడు. అతను చెడ్డవాడు కాదు. ఏ మాటనైనా నమ్మి అంటాడు, అదే చిక్కు.

అంబదాస్ కూతురు హారతి చాయ్ తెచ్చింది. బీకాం రెండో ఏడు. “అంకుల్, లో, చాయ్. పప్పా, అమ్మమ్మ తయ్యార్ హై. పణ్ మూడ్ ఖరాబ్ ఉంది, జర చూసుకో.”

హారతి అమ్మమ్మ అని పిలిచే పోశమ్మ వచ్చి గడప మీద కూర్చుంది. గంజి పెట్టిన నేత చీర, తలకు నూనె. థార్ వైపు చూడకుండా, దానికి రెండడుగుల పక్కనున్న గోడ వైపు చూసింది.

భానుప్రకాశ్ వంగి ఫోను సరిచేశాడు. “అమ్మా, నమస్కారం. మీ నాన్నగారు మిలిటరీలో జీపు నడిపేవారట కదా. ఆ రోజుల సంగతి రెండు ముక్కలు చెప్పండి.”

“ఎవలు? మా నాయిననా?” పోశమ్మ మేనల్లుడి వైపు చూసి, భానుప్రకాశ్ వైపు తిరిగింది. “ఎవడు చెప్పిండు బిడ్డా నీకు? మా నాయినకు సైకిల్ తొక్కుడే రాకుండె.”

హారతి కిసుక్కున నవ్వింది. అంబదాస్‌కు బానెట్ మీద తుడవాల్సిన మరక ఒకటి కనిపించింది.

భానుప్రకాశ్ తడబడి, తేరుకున్నాడు. “పోనీ, జీపు ఎక్కారు కదమ్మా?”

“ఎక్కలే. ఎక్కిచ్చిండ్రు.”

పక్కింట్లో కుక్కరు కూసింది.

“చెప్పనా?” అంది పోశమ్మ. అడిగింది అంబదాస్‌ను. అతను మరకను తుడుస్తూనే ఉన్నాడు. వద్దనడానికి ఒక క్షణం దొరికింది. ఆ క్షణం ఎంత పొడుగో అతనికి బాగా తెలిసింది. గుడ్డ మడత మార్చి మళ్లీ తుడిచాడు.

“నాకప్పుడు ఎనిమిదేండ్లు. రజాకార్ల గడబిడ అయిపోయింది, పట్నంల మిలిటరీ దిగింది. మా దిక్కు సంఘపోళ్లు, గదే కమ్యూనిస్టులు, ఇంక అడివిలనే ఉన్నరు. సలికాలం. మా నాయిన వాళ్లకు నాలుగు ధోతులిచ్చిండు. గంతే చేసిండు. ఎవలో పోలీసోళ్లకు చెప్పిండ్రు. ఓనాడు పొద్దుగాల జీపు సప్పుడైంది. మా ఊరికి బాట లేకుండె. ఉన్న బండ్ల బాట గూడ వానలకు కొట్టుకపోయింది. ఇగ పోలీసోళ్లు ఏడ వస్తరని అందరు ధీమాగున్నరు. గా జీపు చేన్లకెల్లి వచ్చింది. జొన్నల మీదికెల్లి.”

“అంటే రోడ్డే లేకపోయినా వచ్చేసింది!” భానుప్రకాశ్ కళ్లు మెరిశాయి.

“ఆఁ, మంచిగ వచ్చింది,” అంది పోశమ్మ. “ఆగలే, దిగబడలే. మా నాయినకు ఉరకనీకి జాగ లేదు. మగ్గం గుంతల దిగి ముడుసుకున్నడు.”

“గుంత అంటే, అమ్మమ్మా?” హారతి అడిగింది.

“చేతి మగ్గానికి కింద గుంత ఉంటది బిడ్డా. కాళ్లు అండ్ల పెట్టి, ఒడ్డుకు కూసొని నేస్తరు. మా అవ్వ వణుకుతున్నది. నేను పోయి ఒడ్డుకు కూసున్న. ఎవ్వలు చెప్పలే, నాకే తోచింది. నా కాళ్లు మా నాయిన ఈపు మీద పెట్టిన. మగ్గం ఆడుతుంటే, ఎవలో నేస్తున్నరు, వాళ్ల పని వాళ్లు చేసుకుంటున్నరని లోపటికి రారనుకున్న. తాడు గుంజిన. నూలు మోసే నాడె ఇటు పోయింది, అటు పోయింది. టక్, టక్. మంచిగనే ఆడిచ్చిన.” ఆమె చేయి గాల్లో తాడు పట్టుకుని కిందికి లాగింది. “ఆనాడు అమాస.”

భానుప్రకాశ్ తర్వాతి మాట కోసం చూశాడు. హారతి కూడా. అంబదాస్ చేతిలోని గుడ్డ ఆగిపోయింది.

“అయితే ఏంటమ్మా?” అన్నాడు భానుప్రకాశ్.

“అమాస నాడు మా సాలోళ్లు మగ్గం ముట్టరు.”

“ఎందుకనీ?”

“ఎందుకంటే ఏం చెప్పాలె? ముట్టరంతే. నెలకొక్క దినం మగ్గం గూడ పండుకోవాలెనని మా అవ్వ అంటుండె. మా వాడకట్టుల నలబై మగ్గాలు. ఆనాడు ఒక్కదాని సప్పుడు లేదు. మా ఇల్లొక్కటే టక్ టక్. పోలీసోళ్లకు ఏమెరుక, ఏ దేశపోళ్లో ఏమో. జీపు మా ఇల్లు దాటిపోయింది. దాటిపోయింది బిడ్డా. జీపుల మా ఊరి పటేలు కూసొని ఉండె, ఇండ్లు చూపనీకి. ఆయన ఆపుమన్నడు. ‘అమాస నాడు సాలోళ్ల ఇంట్ల మగ్గం ఆడుడేంది?’ అన్నడు. గది నాకు ఇనబడ్డది. ఇనబడ్డంక గూడ నేను గుంజుడు ఆపలే. ఆపితే ఎరుకైతదని.”

ఆమె కొంగుతో మూతి తుడుచుకుంది. ఏడవడం లేదు. చాలా ఏళ్ల క్రితమే ఎండిపోయిన సంగతిని తీసి గడప మీద పెట్టినట్టుంది.

“గట్ల ఎక్కిండు మా నాయిన జీపు. చేతులు ఎనుకకు కట్టి, ఎనుక పడేసిండ్రు.”

“తిరిగొచ్చారా?” హారతి గొంతులో హిందీ, గుజరాతీ ఏమీ మిగల్లేదు.

“తొమ్మిది నెల్లకు వచ్చిండు. వచ్చి మగ్గం మీద కూసున్నడు. నన్ను ఒక్క మాట అనలే. ఒక్క దెబ్బన్న కొట్టలే. కొడితే మంచిగుండు.” తర్వాత మేనల్లుడితో, తప్పు తనదే అయినట్టు అంది: “మీ నాయిన అప్పుడు పాలు మానని ఏడాదిన్నర పోరడు. మాటలు వచ్చినంక, నాయినేడికి పోయిండని అడుగుడు షురూ చేసిండు. జీపుల పోయిండని మా అవ్వ చెప్పింది. ఏం జెప్తది మరి? వాడు గదే పట్టుకున్నడు.”

భానుప్రకాశ్ ఫోను దించాడు. అంబదాస్ భుజం మీద చేయి వేసి బండి అవతలి పక్కకు నడిపించాడు.

“చాలా బాగా చెప్పారండీ అమ్మగారు. నాకైతే మాట రాలేదు. కానీ చూడండి, ఆదివారం పూట, పిల్లాపాపలు వస్తారు. ఇంత బరువు వాళ్లు మొయ్యలేరు. మనం ఏం చేద్దామంటే, రోడ్డు లేకపోయినా చేలల్లోంచి వచ్చిందన్న ముక్క ఉంది చూశారూ, అది బ్రహ్మాండం. అది ఉంచుదాం. ‘ఎక్కిండు మా నాయిన జీపు’ అన్నది కూడా స్పష్టంగా ఉంది. ముందూ వెనకా తీసేసి ఆ రెండూ కలిపితే చాలు. అందులో అబద్ధం ఏమీ లేదు కదండీ?”

లేదు. అదే అందులోని అందం. అంబదాస్ ఆ ప్రతిపాదనను కొత్త యంత్రాన్ని చూసినట్టు చూశాడు. ఎక్కడా లొసుగు లేదు. తాత జీపెక్కాడు. జీపు రోడ్డు లేని చోటికి వచ్చింది. మడ్ బ్రదర్స్ టీషర్టు వెనక రాసున్నదీ అదే కదా, రోడ్డు ముగిసిన చోట మేము మొదలవుతామని. రోడ్డు ముగిసిన చోట అప్పటికే ఎవరున్నారన్నది టీషర్టు మీద పట్టదు. వాళ్లు గుంతలో ఉంటారు. వాళ్ల వీపు మీద ఒక పిల్ల కాళ్లుంటాయి. ఫోను తెర మీద బొటనవేలు ఒకసారి కదిపితే తాత చేతులకున్న తాడు కనబడకుండా పోతుంది. డెబ్భై ఐదేళ్ల తర్వాత ఆ కట్లు విప్పేది ఇంత తేలికైన వేలా అనిపించి అతనికి నవ్వొచ్చింది. అదే సమయంలో, సిగ్గు లేకుండా, అదే మనసు ఇంకో లెక్క వేస్తోంది: ఇప్పుడు తొమ్మిదీ నలభై. బయల్దేరితే పదిన్నరకు కడోదరా. ముందు వరుస.

“అట్లనే చేయుర్రి సార్,” అన్నాడు.

తన గొంతు తనకు ఎంత మామూలుగా వినిపించిందంటే, కాసేపు అది సరైన నిర్ణయమే అనుకున్నాడు.

“సరే అయితే, చివర్లో అమ్మగారు బండిలో కూర్చున్న షాట్ ఒక్కటి. అయిపోతుంది.”

అంబదాస్ ముందు సీటు తలుపు తెరిచాడు. ప్లాస్టిక్ మెట్టుపీట తెచ్చి కింద పెట్టాడు. గడప దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు, అడగలేదు. హారతి అతని ముఖం వైపు చూసింది. “పప్పా, రెహ్నే దో నా, వద్దు,” అని నెమ్మదిగా అంది. అతను విననట్టు ఉన్నాడు.

పోశమ్మ తెరిచిన తలుపును చూసింది. పదకొండు నెలల్లో మొదటిసారి దాన్ని నేరుగా చూసింది. తర్వాత అతన్ని చూసింది.

“నీకు అక్కరనా బిడ్డా?”

అతను ఔననలేదు, కాదనలేదు. బట్టల బేరంలో ఎదుటివాడి చేత ముందు మాట అనిపించాలనే పద్ధతి ఒకటుంది. అది ఇక్కడ వాడుతున్నానని అతనికి తెలుసు.

“ఎక్కుత తియ్,” అంది పోశమ్మ. “నలుగుట్ల నీకు మాట రావొద్దు. ఇగ ఈ వయసుల నన్నెవడు పట్కపోతడు?”

ఆమె లేచింది. గోడ పట్టుకుని, తర్వాత హారతి భుజం పట్టుకుని, బండి దగ్గరికి వచ్చింది. చెప్పులు విప్పింది. గుడిలోకి పోయేటప్పుడు విప్పినట్టు జతగా, పక్కపక్కన పెట్టింది. భానుప్రకాశ్ ఫోను ఎత్తి, “అలాగేనమ్మా, నెమ్మదిగా, ఇటు చూడండి,” అన్నాడు. ఆమె తలుపు లోపలి పిడి కోసం చేయి చాచింది. చూపు ముందు సీటు మీద లేదు. దాన్ని దాటి, లోపల చీకటిగా ఉన్న వెనక భాగంలో ఎక్కడో ఆగింది.

కుడికాలు ఎత్తింది. మెట్టుపీట మీద పెట్టింది. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు కాలు బరువుగా వేస్తారు. ఆమె అలా వేయలేదు. ముందు వేళ్లు ఆనించి, తర్వాత పాదం కొద్దికొద్దిగా దించింది, కింద ఎవరికో నొప్పి కలగకుండా.

అంబదాస్ ఆ పాదాన్ని చూసి ముందుకు వచ్చాడు. ఆమె చేతిని పిడి మీంచి తీసి, తన భుజం మీద వేసుకున్నాడు. నడుము పట్టి ఆమెను మెట్టు మీంచి నేలకు దించాడు.

“అంబదాస్ గారూ, ఒక్క నిమిషం అండీ, లైటు చాలా బాగుంది,” అన్నాడు భానుప్రకాశ్ ఫోను వెనక నుంచి.

అంబదాస్ బండి తలుపు మూశాడు. సరిగ్గా పడలేదు. మళ్లీ తెరిచి, ఈసారి గట్టిగా మూశాడు.